ఆరు యూనిట్ల ఇల్లు

కరెంటు మీటర్లు చదివేవాళ్ళకి మనుషుల గురించి ఒక పొగరు ఉంటుంది. నాకు ఇంకాస్త ఎక్కువే. గేటు పక్కన డబ్బా మూత తీసి అంకె చూశానంటే, ఆ ఇంట్లో కొత్తగా ఏసీ కొన్నారో, పరీక్షలకు చదివే పిల్లలున్నారో, ఇంటావిడ పుట్టింటికి వెళ్ళిందో చెప్పేస్తాను. ఇంటావిడ లేకపోతే యూనిట్లు తగ్గుతాయనుకుంటారు అందరూ. పెరుగుతాయి. మగవాళ్ళు లైట్లు ఆర్పరు.

ఆ పొగరుతోనే నేను ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

మేముంటున్నది అద్దెల్లో తొమ్మిదో ఇల్లు. మా ఆయన ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతిమీదుగా మెరుస్తున్నాయి. మేముండే గోడకి మేకు కొట్టాలంటే మాత్రం ఇంటాయన్ని బతిమాలుకోవాలి. మా పిల్లకి పద్నాలుగేళ్ళు. మీ ఇల్లెక్కడ అని ఎవరడిగినా "ఇప్పుడైతే" అని మొదలుపెట్టి చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఈ ఏడాది తొమ్మిదో ఇంటాయన కూడా వచ్చి, కొడుక్కి పెళ్ళి కుదిరిందనీ మూడు నెలల్లో ఖాళీ చేయమనీ నవ్వుతూ చెప్పి వెళ్ళాడు. పెళ్ళికి పిలిచాడు కూడా.

బ్యాంకు వాళ్ళు ఇస్తామన్న దానితో ఒక చిన్న పాత ఇల్లు కొనుక్కోవచ్చని తేలింది. కానీ కొనడానికి ఇల్లేది? అమ్మకానికి పెట్టిన ప్రతి ఇంటి ముందూ మాలాంటివాళ్ళు పదిమంది నిలబడి ఉండేవారు. నడుముకు తాళాల గుత్తి కట్టుకు తిరిగే బ్రోకరు ఒకడున్నాడు, మేం తాళాలాయన అనేవాళ్ళం. ఏ ఇంటికి తీసుకెళ్ళినా "నిన్ననే మాటైపోయిందండీ, మీరు ఒక్కరోజు ముందొస్తేనా" అనేవాడు. నాలుగో సారికి నాకు ఒళ్ళు మండింది. "నిన్న అయిపోయినవి కాదు, రేపు అమ్ముదామని ఇంకా ఎవరికీ చెప్పనివాళ్ళ ఇల్లు చూపించు" అన్నాను.

"అలాంటివి మా చేతికి రావమ్మా. ఓనర్ల మనసులో ఉంటాయి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఓనర్ల మనసు సంగతేమో గానీ వాళ్ళ మీటర్లు నాకు తెలుసు. నెలకి పది యూనిట్లు దాటని ఇల్లంటే తాళం పెట్టిన ఇల్లే. వాళ్ళకే ఉత్తరం రాద్దామనుకున్నాను. ఆఫీసు పుస్తకాల్లోంచి ఒక్క పేరు తీసుకోలేదు, ఒక్క ఫోన్ నంబరూ తీసుకోలేదు. అంకె మాత్రం నేను చూడకుండా ఉండలేను కదా, జీతం ఇచ్చేదే అందుకు. అది తప్పా అని మా ఆయన్ని అడిగితే, "తప్పో ఒప్పో నువ్వే తేల్చుకో, నన్ను మాత్రం సాక్షిగా పిలవకు" అన్నాడు.

అచ్చు వేసిన కాగితాలకి దిక్కు చెత్తబుట్టే. మీటరు డబ్బాల్లో కుక్కిన వాటిని పీకి పారేసేది నేనే కాబట్టి ఆ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు లేరు. అందుకని చేత్తో రాశాను. 'ఇంటి యజమానిగారికి నమస్కారం. మీ ఇల్లు తాళంపెట్టి ఉందని రాస్తున్నాను. నేను బ్రోకర్ని కాను. ఇళ్ళు పడగొట్టి కట్టేవాళ్ళ తరఫు మనిషినీ కాను. అమ్మే ఉద్దేశం ఉంటే ముందు మాకు చెప్పండి. లేకపోతే ఈ కాగితం చింపేయండి, ఏమీ అనుకోను.' కింద నా ఫోన్ నంబరు. ఇలా పదమూడు ఇళ్ళ గేటు సందుల్లో వేశాను.

ముగ్గురు ఫోన్ చేశారు. ఒకాయన తిట్టాడు. ఒకావిడ నేను పన్నుల ఆఫీసు నుంచి ఆరా తీస్తున్నాననుకుని, ఆ ఇల్లు తమది కాదనీ, ఎవరిదో తెలియదనీ, తామసలు ఆ ఊరే రాలేదనీ ఒట్టేసింది. మూడో ఆయన మాత్రం ఇల్లు తాళంపెట్టి ఉందని నాకెలా తెలిసిందని అడిగి, మర్నాడే ఇంకో తాళం వేయించాడు. మా ఆయన వారంపాటు నవ్వాడు.

పద్నాలుగో ఇంటికి మాత్రం నేను చాలా రోజులు రాయలేదు. రాస్తే కాదంటారేమోనని భయం.

అది నా లైన్లో చివరి వీధిలో ఉంటుంది. చిన్న మేడ. నేను ఆ లైనుకి మారి ఏడాదిన్నరైంది. నెలకి ఆరు యూనిట్లు, ఒక్కోసారి ఏడు. గేటుకి లోపల్నుంచి గొలుసు. ఎప్పుడూ మనిషి కనపడలేదు. పక్కింటివాళ్ళని అడగొచ్చు, కానీ అడిగితే ఆ ఇంటి మీద నా కన్ను పడిందని తెలుస్తుంది, వాళ్ళ చుట్టాలెవరో తన్నుకుపోతారు. అందుకని నోరు కుట్టేసుకున్నాను. నెలకోసారి ఆ మీటరు ముందు నిలబడి, రాయాల్సిన అంకె ఒక్కటే అయినా పది నిమిషాలు ఉండిపోయేదాన్ని. ఇంకొకరి ఇంటి మీద ఇంత మనసు పారేసుకోవడం సిగ్గుమాలిన పనే. అయినా పారేసుకున్నాను.

చివరికి ఒకరోజు కూర్చుని రాశాను. మిగతా వాళ్ళకి ఎనిమిది వరసలు రాస్తే దానికి రెండు పేజీలైంది. రాసి, గేటుకున్న పోస్టు డబ్బాలో వేసి, ఎవరో తరుముతున్నట్టు వచ్చేశాను.

పది రోజులకి ఫోనొచ్చింది. ఆడమనిషి గొంతు.

"ఉత్తరం రాసింది మీరేనా? అది మా అన్నయ్య ఇల్లండి. అమ్ముతాం. వచ్చే ఆదివారం రాగలరా?"

"వస్తాం. అన్నయ్యగారు ఎక్కడుంటారు?" అన్నాను.

"అక్కడే."

"అక్కడే అంటే?"

"ఆ ఇంట్లోనే. ఇరవై ఏడేళ్ళుగా. ఆయనకి చూపు లేదండి" అంది.

ఫోన్ పెట్టేశాను. లైట్లు అక్కర్లేని మనిషి. టీవీ అక్కర్లేని మనిషి. ఏడాదిన్నరగా నేను అంకె చదివానే గానీ లోపల ఒక ప్రాణం ఉండొచ్చని తోచలేదు. నా పొగరు దిగడం సంగతి అలా ఉంచితే, ఆ సిగ్గు పక్కనే సంతోషం కూడా పొంగుకొచ్చింది. అమ్ముతాం అంది కదా ఆవిడ.

ఆ వారం మేం ముగ్గురం ఆ ఇంటి గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. మా ఆయన పని మధ్యలో అటు వెళ్ళి వీధిలోంచి చూసొచ్చి, "గోడ గట్టిది. ఈ కాలంలో అలాంటి పూత ఎవడూ పూయడు" అన్నాడు. ఆయన ఒక గోడని మెచ్చుకోవడం నేను పెళ్ళయ్యాక మొదటిసారి విన్నాను. మా పిల్ల ఎవరికీ చెప్పకుండా బడి నుంచి ఆ వీధి దాకా నడిచి చూసుకుంది. "పద్దెనిమిది నిమిషాలమ్మా, మెల్లగా నడిస్తే" అంది అన్నం తింటూ.

ఆదివారం ఉదయం నేనూ మా ఆయనా వెళ్ళాం. చెల్లెలు తలుపు తీసింది. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద అలసట. ముందు గది నిండా కుర్చీలు, కూర్చునే చోట అల్లిక ఊడిపోయి చట్రాలు మాత్రమే ఉన్నవి. మూల పెద్ద తొట్టిలో పేము బద్దలు నానుతున్నాయి. వాటి మధ్య పీట మీద కూర్చుని ఒకాయన కుర్చీ అల్లుతున్నాడు. ఏభై ఏళ్ళుంటాయి. వేళ్ళు ఆపకుండానే తల మా వైపు తిప్పాడు.

"నేనుండగానే ఇల్లు ఖాళీ చేయించింది మీరేనామ్మా?"

నాలుక కరుచుకున్నాను. "తప్పైపోయిందండి. మీటరు చూసి..."

"ఆరు యూనిట్లు, అంతేనా? నాలుగు నా రేడియోవి. రెండు మా చెల్లెలివి. ఆదివారం రాగానే ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేస్తుంది." ఆయన నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు.

మమ్మల్ని అల్లిక పూర్తయిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆయన చేతిలో బద్ద పక్కన పెట్టి, తడి చేతులు తుడుచుకుని అసలు మాట మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళయింది నాకు బొత్తిగా కనపడక. మేడ మెట్ల మీద ఒకసారి జారాను. అప్పట్నుంచి చెల్లెలు పైన తాళం పెట్టేసింది. ఇల్లు పాడైపోయిందంటుంది. గోడ బీటలిచ్చిందట, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదట, మేడ మీద కిటికీ గాలివానకి ఊడిపోయిందట. నాకు చెయ్యి అందినంత మేరే కదా తెలిసేది. తడిమిన చోటల్లా బాగానే ఉంది. అందని చోట పాడైంది కాబోలు అనుకున్నాను. సరే అమ్మేద్దాం, నీ దగ్గరికే వచ్చేస్తాను అన్నాను. ఈలోగా మీ ఉత్తరం వచ్చింది. చెల్లెలు చదివింది. రెండో పేజీ తిప్పిన చప్పుడైంది గానీ, చదివిన మాట వినపడలేదు."

"అన్నీ పొగడ్తలే అన్నయ్యా, అందుకని..." అంది చెల్లెలు.

"పొగడ్తలు వింటే అరిగిపోతానా?" అని ఆయన జేబులోంచి నా ఉత్తరం తీసి నావైపు చాపాడు. మడతల దగ్గర మెత్తబడి ఉంది. "మీరే చదవండమ్మా. మొత్తం."

కాగితం అందుకుని తలెత్తాను. చెల్లెలు ఆయన వెనక నిలబడి ఉంది. నాకు దణ్ణం పెడుతోంది. అడ్డంగా తల ఊపుతోంది, వద్దు, వద్దు అని. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయనకి తెలియకుండా ఇలా సైగలు చేసుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది నాకు. మా ఆయన కూడా అది చూశాడు. చూసి నేల వైపు తల దించుకున్నాడు.

ఆవిడ అడిగింది చేస్తే ఇల్లు నాది. అందులో లెక్క తప్పేదేమీ లేదు.

చదవడం మొదలుపెట్టాను. "మీ ఇంటి మెట్లు మూడు. మధ్య మెట్టు నడిమికి అరిగింది. తలుపు ఆకుపచ్చ రంగు వెలిసింది, కానీ వెలిసిన రంగే దానికి బాగుంది. మా ఆయన రంగులు వేస్తాడు, ఈ మాట ఆయనకి తెలియనివ్వకండి."

మా ఆయన దగ్గాడు. పీట మీదాయన చిన్నగా నవ్వాడు.

"ఉదయం పదింటికి ఎండ మీ గోడ మొత్తం మీద పడుతుంది. ఈ వీధిలో ఇంకే ఇంటికీ అంత ఎండ లేదు. కాగితంపూల తీగ గోడ దాటి వీధిలోకి వంగింది, దారిన పోయేవాళ్ళు తల వంచి నడుస్తారే గానీ ఎవరూ విరవరు."

తర్వాతి వాక్యం 'గోడలో వెతికినా ఒక్క పగులు లేదు' అని. నా కన్ను దాన్ని చూసింది, నోరు దాటేసింది. నేను చేశానని కూడా నాకు తెలియనంత సునాయాసంగా దాటేసింది. చెల్లెలు ఊపిరి పీల్చుకుంది.

"మేడ మీద కిటికీలో ఒక్క అద్దం నీలంగా ఉంది. అదెందుకో తెలుసుకోవాలని..."

"ఆగండి" అన్నాడు ఆయన.

ఆగాను.

"నీలం అద్దం ఉందా ఇంకా?"

ఉత్తరం రాశాకే ఊడిపోయిందని చెప్పొచ్చు. పైకెళ్ళి చూసుకోలేడు. ఒక్క అబద్ధం, అదీ ఆయన సొంత చెల్లెలు బతిమాలుతున్న అబద్ధం. ఆయనకి మెట్ల భయం తప్పుతుంది, ఆవిడకి బెంగ తీరుతుంది, మా పిల్ల పద్దెనిమిది నిమిషాల్లో ఇంటికొస్తుంది. ఇంతమందికి మంచి జరిగే మాట నా నోటి చివర ఉంది. నా జన్మలో నేను దేన్నీ ఆ ఇంటిని కోరుకున్నంతగా కోరుకోలేదు. కానీ ఆ ఇంటి గురించి ఇన్ని నెలలు నేను ఒక్క అబద్ధం అనుకోలేదు. చేతిలో ఉన్న కాగితమంతా నిజమే. దాన్ని నేనే అబద్ధమనాలంటే నోరు రాలేదు.

"ఉందండి" అన్నాను. "మొన్న మంగళవారం కూడా చూశాను. కిటికీ మొత్తం బాగుంది."

"గోడ?"

"పగుళ్ళు లేవు. ఉత్తరంలో ఆ మాట ఉంది. ఇందాక వదిలేశాను. క్షమించండి."

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని, "పైకప్పు కూడా చూశానండి వీధిలోంచి. ఇంకో ముప్ఫై ఏళ్ళు దానికి ఢోకా లేదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

చెల్లెలు కుర్చీ చట్రం మీద కూలబడింది. "అవునన్నయ్యా, అబద్ధమే చెప్పాను. నువ్వు మెట్ల మీంచి పడ్డప్పుడు తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. వారం వారం రెండు బస్సులు మారి వస్తున్నాను. నువ్వు తలుపు తీసేదాకా నా ప్రాణం నాది కాదు. ఇంకేం చెబితే కదులుతావు నువ్వు?"

"తెలుసే" అన్నాడు ఆయన. చెయ్యి చాపి ఆవిడ భుజం వెతుక్కుని పట్టుకున్నాడు. "పేజీ చప్పుడు విన్నప్పుడే తెలిసింది." తర్వాత నావైపు తిరిగాడు. "ఆ అద్దం పగిలితే ఆ కొలతకి కొట్లో నీలందొకటే దొరికిందమ్మా. తర్వాత మారుద్దాంలే అని పెట్టించాను. చూపు పోతూ పోతూ మిగతా రంగులన్నీ ముందు పోయాయి. అది మాత్రం చివరిదాకా కనపడింది. అదే ఊడిపోయిందన్నాక ఇక్కడ నాకేముంది అనుకున్నాను. ఉందంటున్నారుగా. నేనిక ఎక్కడికీ వెళ్ళను."

తెలిసిన మాటే. ఉందండి అన్నప్పుడే తెలుసు. అయినా నాకు మర్యాదలు గుర్తు రాలేదు.

"నాకీ ఇల్లు కావాలండి" అన్నాను. "నిజం చెప్పేశాను, సరే. కానీ నాకిది కావాలి. మీకు చెప్పకుండా ఇంటికెళ్తే చచ్చేదాకా గొంతులో అడ్డం పడుతుంది."

"ఉత్తరంలో వినపడిందమ్మా" అన్నాడు. "అమ్మితే మీకే అమ్మేవాణ్ణి. కానీ మీరు చదివాక నాక్కూడా కావాలనిపిస్తోంది."

లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వెళ్ళొస్తామన్నాను.

"లోపల చూడరా?" అన్నాడు. "ఏడాదిన్నర బయటే నిలబడ్డారు."

వద్దని తల ఊపాను, ఊపింది ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "వద్దులెండి" అన్నాను. చూస్తే ఇంకా కష్టం. కానీ చెల్లెలు కళ్ళు తుడుచుకుని అలమరలోంచి మేడ తాళం చెవి తీసింది. "ఎలాగూ రేపు నేను లేనప్పుడు ఎక్కుతాడు. ఇవాళ నా ఎదురుగా ఎక్కనివ్వండి. మీరూ రండి, ఇటు ఒకరం అటు ఒకరం పట్టుకుందాం" అంది నాతో. అలా అడిగితే కాదనలేకపోయాను.

ఆయన్ని ఎవరూ పట్టుకోవాల్సిన పని రాలేదు. చేత్తో గోడ రాసుకుంటూ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పైన ఒకటే గది. మూసి ఉన్న వాసన. సామానేమీ లేదు, నేలంతా దుమ్ము. కిటికీలోంచి ఎండ పడి, నీలం ముక్క ఒకటి నేల మీద ఉంది. బయట్నుంచి నేను ఊహించినదానికంటే గది పెద్దది. చూడకుండా ఉండాల్సింది అనిపించింది.

ఆయన గది మధ్యలో నిలబడి, "ఇక్కడ ఏం పెట్టుకుందామనుకున్నారమ్మా?" అని అడిగాడు.

ఎగతాళి కాదని గొంతులో తెలుస్తూనే ఉంది.

"మా మంచం" అన్నాను. "తలుపుకి ఎదురుగా, గోడకి ఆనించి. తల గోడ వైపు. కిటికీ పక్కన మా పిల్ల బల్ల. వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి రావాలట, రాసుకోవడానికి."

"మంచం ఎంత పొడవు?"

"ఆరడుగులు."

"బల్ల?"

"చిన్నదే. మూడడుగులు. దాని ముందు కుర్చీ."

ఆయన తల ఊపాడు. నేను చెప్పినవి ఒక్కొక్కటే మనసులో సర్దుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత కిటికీ వైపు కదిలాడు. గదంతా ఖాళీ, నేరుగా వెళ్తే ఐదడుగులు. ఆయన నేరుగా వెళ్ళలేదు. మంచం కాళ్ళు రావాల్సిన చోట ఆగి, పక్కకి తిరిగి, లేని మంచానికి ఆరడుగుల చోటు వదిలి, దాన్ని చుట్టి నడిచాడు. కిటికీ దగ్గరికొచ్చాక, మా పిల్ల కుర్చీకి తగలకుండా మోచెయ్యి దగ్గరికి తీసుకున్నాడు.